పైలట్ చదువుకు యాభై లక్షలు: పొలం బేరం పెట్టేముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. నేను సెకండరీ గ్రేడ్ టీచర్‌ని, చేతికి 58 వేలు వస్తుంది. మా ఆయన నాలుగెకరాల్లో పొగాకు వేస్తారు, ఆకు కాల్చే బ్యారన్ ఒకటి ఉంది. అమ్మాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. 2024లో కొరిశపాడు దగ్గర హైవే మీద వాయుసేన విమానాల ట్రయల్ చూసొచ్చిన దగ్గర్నుంచి పైలట్‌నవుతానంటోంది. "ఆడపిల్ల చదువుకి యాభై లక్షలేంటి, రేపు పెళ్లికేం పెడతారు?" అని మా అత్తగారు. "రెండెకరాలు అమ్మి గాల్లో పెట్టినట్టే" అని మా బావగారు. 2015 నుంచి అమ్మాయి పేరున సుకన్య సమృద్ధి ఖాతాలో ఏటా 50 వేలు కడుతున్నాం, 9 లక్షలైంది. ఇకనుంచి లక్షన్నర కడదామనుకుంటున్నాను. 20 సవర్ల బంగారం కూడా ఉంది. పొలం అమ్మక తప్పదా?

జవాబు: ముందుగా, సుకన్యలో కట్టేది పెంచకండి. 8.2 శాతం వడ్డీ, పైగా పన్ను లేదు, మంచి ఖాతానే. కానీ చదువు కోసం తీసుకోనిచ్చేది అంతకుముందు మార్చి నెలాఖరుకున్న నిల్వలో సగమే. అదీ పదో తరగతి పాసయ్యాకో, 18 నిండాకో, అడ్మిషన్ లెటరో ఫీజు స్లిప్పో చూపిస్తే. మిగతా సగం ఖాతా తెరిచి 21 ఏళ్లయ్యే దాకా, అంటే 2036 దాకా కదలదు. 18 దాటాక పెళ్లి కుదిరితే మాత్రం ముందే మూసుకోవచ్చు. ఏటా లక్షన్నర పోస్తే అందులో సగం మీకు అవసరమైన ఏడాదిలో అందదు. 50 వేలే కడుతూ పోండి, అయితే ఏప్రిల్ 5లోపు కట్టండి. 5వ తేదీ దాటితే ఆ డబ్బుకి ఆ నెల వడ్డీ రాదు.

ఇలాగే సాగితే నాలుగేళ్లకు ఖాతా దాదాపు 14.8 లక్షలవుతుంది. ఫీజుకి 7 లక్షల దాకా వస్తుంది. మిగిలినది ఇదే వడ్డీతో 2036కి 11, 12 లక్షలు. అత్తగారికి ఆ అంకె చూపించండి. పెళ్లి డబ్బు చదువుకి పోవడం లేదు, చట్టమే దాన్ని పట్టి ఉంచింది.

బావగారి భయం వేరు, అందులో న్యాయం ఉంది. కమర్షియల్ పైలట్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు తనే పైలట్‌గా. ఇవాళ్టి లెక్కన 50, 55 లక్షలు పెట్టుకోవాలి. కానీ ఆ డబ్బు ఒక్కరోజే పెట్టేది కాదు. పెద్ద మొత్తం కట్టేలోగా తక్కువ ఖర్చుతో తేలిపోయే పరీక్షలు మూడున్నాయి. వాటిని దాటకుండా పొలం మాటే ఎత్తకండి.

మొదటిది కళ్లు. ఈ వేసవిలోనే ఒంగోల్లో కంటి డాక్టరు దగ్గర రంగుల గుర్తింపు పరీక్ష, చుక్కల్లో అంకెలు చదివించేది, చేయించండి. అద్దాలుంటే భయం లేదు. రంగులు సరిగా గుర్తించలేకపోతే దారి అక్కడే మూసుకుపోవచ్చు, అది ఫీజు కట్టాక తెలియకూడదు. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవాలి, లెక్కలూ ఫిజిక్సూ తప్పనిసరి. రెండోది, ఇంటర్ అవుతూనే డీజీసీఏ (పౌర విమానయానాన్ని నియంత్రించే సంస్థ) గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్, అంటే మొదటి మెట్టు వైద్య పరీక్ష, ఆ వెంటనే కమర్షియల్ పైలట్‌కి కావాల్సిన క్లాస్ 1. మూడోది థియరీ: నావిగేషన్, వాతావరణ శాస్త్రం, రెగ్యులేషన్స్, టెక్నికల్. ఒక్కో దాంట్లో 70 శాతం రావాలి. ఈ థియరీ చెప్పే గ్రౌండ్ స్కూల్లో చేరి ఇవి పాసయ్యాకే ఫ్లయింగ్ ఫీజు కట్టనివ్వండి. పేపర్లు మిగిలిపోయి ఎగరడం మొదలుపెట్టిన పిల్లలకే కోర్సు ఏడాదిన్నర నుంచి మూడేళ్లకు సాగుతుంది, హాస్టలు ఖర్చు మీద పడుతుంది.

ఇక కూడబెట్టడం. నెలనెలా కట్టేది మీ జీతం మీదే పెట్టుకోండి, పొగాకు మీద కాదు. వేలంలో ధర పడిన ఏడాది వాయిదా తప్పుతుంది. నెలకు 20 వేలు 48 నెలల బ్యాంకు ఆర్డీ వేస్తే, 7 శాతం లెక్కన 11 లక్షలు. పోస్టాఫీసు ఆర్డీ అయిదేళ్లది, మీకు సరిపడదు. వేలం అయ్యి పొగాకు డబ్బు ఖాతాలో పడి, పంట అప్పు పోగా మిగిలినదాంట్లోంచి ఏటా లక్షన్నర ఎఫ్‌డీ వేయిస్తే ఇంకో ఆరేడు లక్షలు. ఊళ్లో చీటీలకు మళ్లించకండి, నాలుగేళ్ల చదువు డబ్బుకి అది చోటు కాదు. షేర్లకూ అంతే, గడువు చాలదు.

సుకన్యతో కలిపి దాదాపు 25 లక్షలు. మిగతా 30 లక్షలు విద్యారుణం. 7.5 లక్షలు దాటితే సాధారణంగా తాకట్టు అడుగుతారు, చిక్కంతా ఇక్కడే. అప్పు తీర్చకపోతే కోర్టుకెళ్లకుండానే తాకట్టు ఆస్తిని తీసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమిని బ్యాంకు స్వాధీనం చేసుకోలేదు, అందుకే నాలుగెకరాల పాసుపుస్తకం చూపించినా మేనేజర్లు వెనకాడతారు. గ్రామకంఠంలో ఇల్లయితే లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఎవరి నుంచి ఎవరికొచ్చిందో చూపే పాత దస్తావేజులు, చాలాసార్లు ఉండవు, దానికీ వెనకాడతారు. ఒంగోల్లోనో టంగుటూర్లోనో మీ పేరునో పుట్టింటివాళ్ల పేరునో రిజిస్టరైన ఇల్లు, అప్రూవ్డ్ లేఅవుట్‌లో స్థలం ఉందా అని ఇప్పుడే చూసుకోండి. కాగితాలు సరిచేసుకోవడానికి నాలుగేళ్ల గడువుంది. ఏమీ లేకపోతే అప్పుడు అమ్మకం ఆలోచించొచ్చు, అదీ అర ఎకరమో ఎకరమో, ఆ మూడు పరీక్షలూ దాటాక.

30 లక్షలకు 10.5 శాతం చొప్పున పన్నెండేళ్లకు నెల వాయిదా 36,700 దాకా వస్తుంది. కోర్సు కాలం, ఆపై ఏడాది వాయిదాలు ఉండవు కానీ వడ్డీ ఆగదు. మొత్తం తీసుకున్నాక నెలకు 26 వేలు. ఆర్డీ అయిపోయాక ఆ 20 వేలు వడ్డీకే కట్టండి, కట్టకుండా మిగిలిన వడ్డీ అసల్లో కలుస్తుంది. అమ్మాయిలకు కొన్ని బ్యాంకులు అర శాతం తగ్గిస్తాయి, అడగండి. అప్పు మీ జీతం చూసి ఇస్తారు కాబట్టి మీ పేరున కోటి రూపాయల టర్మ్ జీవిత బీమా పాలసీ ముందే తీసుకోండి.

ఫ్లయింగ్ స్కూలుకి ఫీజంతా ఒకేసారి కట్టకండి, ఎంత డిస్కౌంటిచ్చినా సరే. ఎగిరిన గంటలను బట్టి విడతలుగా కట్టేలా రాతపూర్వకంగా తీసుకోండి. ఎన్ని విమానాలు ఎగిరే స్థితిలో ఉన్నాయి, ఎంతమంది విద్యార్థులు, కిందటి బ్యాచ్ ఎన్నాళ్లకు 200 గంటలు పూర్తిచేసింది, ఈ మూడూ అక్కడి పిల్లల్నే అడగండి, ఆఫీసులో కాదు.

బంగారం కదపకండి. లైసెన్సు వచ్చాక టైప్ రేటింగని, ఫలానా రకం విమానం నడపడానికి చేసే శిక్షణ, ఇంకో ఖర్చుంది, 15 లక్షల పైనే. ఒక రకం విమానానికి చేస్తే ఇంకో రకానికి పనికిరాదు. ఫలానా కంపెనీలో ఫలానా విమానానికి ఉద్యోగం ఖాయమయ్యాకే దానికి కట్టాలి. ఆ రోజుకి ఆ 20 సవర్లు బీరువాలో ఉండాలి.