అమ్మాయిల హాస్టల్ గేటు సాయంత్రం ఆరున్నరకే మూయడం భద్రతా, వివక్షా?

అడిగినవారు రాసింది ఇదీ: వాళ్ల ఇంజినీరింగ్ కాలేజీలో అమ్మాయిల హాస్టల్ గేటు సాయంత్రం ఆరున్నరకు మూస్తారు. అబ్బాయిలకు రాత్రి పదిన్నర వరకు సమయం ఉంది. అందరూ భద్రత కోసమే అంటున్నారు, తనకు మాత్రం అన్యాయంగా తోస్తోంది, పొరబడుతున్నానా అని సందేహం.

మీరు పొరబడటం లేదు. అది వివక్షే. నేను సివిల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను, మొదటి రోజు నుంచీ హాస్టల్‌లోనే ఉంటున్నాను. మా గేటు కూడా ఆరున్నరకే మూసేవారు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

గేటు మూస్తే అమ్మాయిలకు పోయేది షికారు మాత్రమే అనుకుంటారు చాలామంది. సినిమాలు, బజ్జీల బండి, పుట్టినరోజు కేకులు. అవి పోయినా నష్టమేనని నా అభిప్రాయం, కానీ దాని సంగతి పక్కన పెడదాం. మాకు పోయింది ఏమిటో ఒక ల్యాబ్ సంగతి చెబితే తెలుస్తుంది.

మూడో సంవత్సరంలో మాకు కాంక్రీట్ ల్యాబ్ ఉండేది. మా బ్యాచ్‌కు ఎం25 మిశ్రమం, అంటే 28 రోజులకు 25 మెగాపాస్కల్ బలం రావాల్సిన కాంక్రీట్, డిజైన్ చేయమన్నారు. లెక్కలన్నీ నేనూ నా రూమ్మేటూ కట్టాం. సిమెంటుకు నీరు ఎంత, ఇసుకలో తేమ ఎంత, కంకర ఎంత నీరు పీల్చుకుంటుంది, ఇవన్నీ రెండు రాత్రులు కూర్చుని తేల్చాం. పోత పోసే రోజున మిక్సర్ ముందుగా వేరే బ్యాచ్ తీసుకుంది. మా వంతు వచ్చేసరికి సాయంత్రం ఆరు. బలం పరీక్షించే క్యూబుల అచ్చుల లోపలి వైపు నూనె రాసి, బోల్టులు బిగించి నేను సిద్ధంగా పెట్టాను. డ్రమ్ములో నీళ్లు పోశాం.

నీళ్లు కలిశాక సిమెంటు ఎవరి కోసమూ ఆగదు. వెంటనే స్లంప్ పరీక్ష చేయాలి, తడి కాంక్రీట్ ఎంత జారుగా ఉందో దాంతో తెలుస్తుంది. 300 మిల్లీమీటర్ల ఎత్తున్న కోన్‌లో పొరలు పొరలుగా నింపి, ఒక్కో పొరను ఇనుప కడ్డీతో 25 సార్లు పొడిచి, కోన్‌ను నిట్టనిలువుగా పైకి తీసి, కుప్ప ఎంత కిందికి దిగిందో కొలవాలి. ఆ తర్వాత 150 మిల్లీమీటర్ల అచ్చుల్లో మూడు పొరలు, పొరకు 35 పోట్లు. డ్రమ్ము ఇంకా తిరుగుతుండగానే వార్డెన్ మేడమ్ నుంచి ఫోన్ వచ్చింది.

“ఆరూ ఇరవై అయింది. ఎక్కడున్నారు?”

“ల్యాబ్‌లోనే ఉన్నాం మేడమ్. పోత మొదలైంది. ముప్పావు గంటలో వచ్చేస్తాం. సార్ కూడా ఇక్కడే ఉన్నారు.”

“సార్ ఉన్నారుగా, మిగతాది అబ్బాయిలు చూసుకుంటారు. మీరు వచ్చేయండి. లేకపోతే మీ ఇళ్లకు ఫోన్ చేయాల్సి వస్తుంది.”

సార్ మా వైపు చూసి, వెళ్లండమ్మా, గొడవెందుకు అన్నారు. వేళ్ల మధ్య సిమెంటు ఆరిపోతుండగా నడిచాం. ల్యాబ్ నుంచి హాస్టల్‌కు ఐదు నిమిషాల నడక, అదంతా కాలేజీ ప్రహరీ లోపలే. దారిలో మైదానంలో అబ్బాయిలు క్రికెట్ ఆడుతున్నారు. లైబ్రరీలో దీపాలు వేశారు. అది రాత్రి పదింటి వరకు తెరిచి ఉంటుంది, దానికి ఫీజు మేమూ కడతాం. అయినా గేటు దగ్గరికి చేరేసరికి రెండు నిమిషాలు దాటిందని రిజిస్టర్‌లో ఆలస్యం కింద సంతకం చేయించుకున్నారు. ఇంటికి ఫోన్ కూడా చేశారు.

మా నాన్న తాపీ మేస్త్రి. మేడమ్ చెప్పిందంతా విని ఆయన అడిగింది ఒక్కటే: “పోత మధ్యలో వదిలేసి రమ్మన్నారా మేడమ్ గారూ?” ఆమె నియమాల గురించి చెప్పబోతే, మా పనిలో పోత మొదలుపెట్టినవాడు అది అయ్యేదాకా కదలకూడదండీ, పిల్లకు అదే కదా నేర్పాలి అన్నారట. ఆ మాట మేడమే మర్నాడు నాతో కోపంగా చెప్పారు. నాకు మాత్రం ఆ రోజంతా మా నాన్నను తలచుకుని గర్వంగా ఉంది.

తర్వాత జరిగింది వినండి. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నన్ను స్లంప్ ఎంత వచ్చిందని అడిగారు. రికార్డులో ఉన్న అంకె చెప్పాను. కుప్ప నిలువుగా దిగిందా, ఒక పక్కకు జారిందా అన్నారు. నేను చూడలేదు. పక్కనున్న అబ్బాయి చూశాడు, చెప్పాడు. అతని తప్పేమీ లేదు, మంచివాడు, మా అచ్చులను జాగ్రత్తగా నింపాడు కూడా. 28 రోజుల తర్వాత యంత్రంలో పెట్టి నొక్కితే మా క్యూబులు 562.5 కిలోన్యూటన్లు దాటి నిలబడ్డాయి, అంటే 25 మెగాపాస్కల్‌ను మించాయి. లెక్క మాది గెలిచింది. కాని కాంక్రీట్‌ను చేత్తో తాకి దాని తడి, చిక్కదనం పసిగట్టే నేర్పు అక్కడ ఉన్నవాళ్లకే అబ్బింది. అది పుస్తకంలో దొరకదు, సైట్‌లో దాంతోనే పని.

ఇలాంటి సాయంత్రాలు నాలుగేళ్లు పోగుపడతాయి. ప్రాజెక్టు మీటింగులు ఏడు తర్వాత పెడతారు, అక్కడ నాయకుడిని అక్కడున్నవాళ్లే ఎన్నుకుంటారు. కోడింగ్ పోటీలు రాత్రంతా జరుగుతాయి. సీనియర్లు ఉద్యోగాల గురించి చెప్పే అసలు సంగతులన్నీ టీ కొట్టు దగ్గర చెబుతారు. చివరికి ప్లేస్‌మెంట్లలో కంపెనీవాళ్లు అమ్మాయిని చూసి, రాత్రి స్లాబు పోత ఉంటే సైట్‌లో ఉండగలరా అని అడుగుతారు. ఉంటానని చెప్పినా డిజైన్ విభాగం పేరో, బిల్లింగ్ పేరో రాసుకుంటారు. ఆ తర్వాత అమ్మాయిలకు సైట్ పని ఇష్టం ఉండదని మా అధ్యాపకులే అంటారు. తెలుగు రాష్ట్రాల్లో సైట్ ఇంజినీర్లుగా అమ్మాయిలు ఇంత తక్కువగా కనిపించడానికి మొదటి కారణం ఈ ఆరున్నర గేటేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

భద్రత మాటకు వస్తాను. మా అమ్మ నా చిన్నప్పుడు స్లాబు పోతలకు వెళ్లి తట్టలు మోసేది. పెద్ద స్లాబు పడితే రాత్రి పది దాటాక ఇంటికి చేరేది, కాళ్ల పగుళ్లలో సిమెంటు దిగి మండుతుంటే కొబ్బరి నూనె రాసుకునేది. ఆడమనిషి, చీకటి పడింది, పంపించేద్దాం అని ఏ కాంట్రాక్టరూ అనలేదు. హైదరాబాద్‌లో తెల్లవారకముందే రోడ్లు ఊడ్చే ఆడవాళ్లను చూడండి. ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ నర్సులను చూడండి. అంత దూరం ఎందుకు, మా హాస్టల్ మెస్‌లో అంట్లు తోమే ఆయమ్మ రాత్రి తొమ్మిదికి పని ముగించి, మమ్మల్ని లోపల పెట్టి మూసిన అదే గేటు తీయించుకుని, బస్సు కోసం రోడ్డు మీదికి ఒంటరిగా నడుస్తుంది. ఆమెకు ఆటో పెట్టించమని మేము అడిగితే నిధులు లేవన్నారు. తట్ట మోయడానికి, అంట్లు తోమడానికి ఆడమనిషికి రాత్రి అడ్డం రాదు. కొలత తీయడానికి, చదువుకోవడానికి, నాయకత్వం వహించడానికి మాత్రం అడ్డం వస్తుంది. దీన్ని భద్రత అని నేను ఒప్పుకోను.

తల్లిదండ్రుల భయం నిజమైనదే. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఆ యువ పశువైద్యురాలికి జరిగిన ఘోరం తర్వాత మా అమ్మ చాలా కాలం నన్ను ట్యూషన్‌కు కూడా ఒంటరిగా పంపలేదు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. మా స్కూల్లో ఆడపిల్లలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఎలా నడవాలి, ఎప్పుడు ఫోన్ చేయాలి అని గంటసేపు చెప్పారు. ఆ గంటసేపు మగపిల్లలను ఆటలకు వదిలేశారు. వాళ్లకు చెప్పాల్సింది ఒక్క మాటైనా ఎవరికీ తోచలేదు. నా బాధ ఇప్పటికీ అదే.

చట్టం ఏమంటుందో కూడా మీకు తెలియాలి, ఎందుకంటే ప్రిన్సిపాల్ గదిలో కన్నీళ్ల కంటే కాగితం బాగా పనిచేస్తుంది. ఉన్నత విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల నివారణకు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చేసిన 2015 నిబంధనలు 2016 మేలో అమల్లోకి వచ్చాయి. విద్యార్థినుల భద్రతను కారణంగా చూపి, హాస్టళ్లలో అబ్బాయిలకు లేని వివక్షాపూరిత నియమాలను అమ్మాయిలకు పెట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది. మా కాలేజీ వెబ్‌సైట్‌లో ఆ నిబంధనల పీడీఎఫ్ కూడా పెట్టారు. చదివినట్టు లేదు.

2022లో కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థినులు రాత్రి తొమ్మిదిన్నర గడువు మీద కేరళ హైకోర్టుకు వెళ్లారు. ఆడపిల్లలనే ఎందుకు బంధిస్తున్నారని న్యాయమూర్తి ప్రభుత్వాన్ని నిలదీశారు. ఆ డిసెంబరులో ప్రభుత్వం అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకే నియమం వర్తించేలా ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. అంతకుముందు 2019లో, సాయంత్రం ఆరు నుంచి పది వరకు ఫోను వాడకూడదన్న నియమాన్ని ఒప్పుకోనందుకు హాస్టల్ నుంచి గెంటేసిన విద్యార్థినిని తిరిగి చేర్చుకోవాలని అదే హైకోర్టు ఆదేశించింది. ఇంకా వెనక్కి వెళితే, మద్యం అమ్మే చోట ఆడవాళ్లు పనిచేయకూడదన్న 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టంలోని నిషేధం చెల్లదని 2007లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆడవాళ్ల స్వేచ్ఛకు కళ్లెం వేసే బదులు వాళ్లకు బలమివ్వడమే సరైన దారి అన్నది ఆ తీర్పు సారాంశం. మన దగ్గర కూడా, ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లకు రాత్రి పని నిషేధించిన సెక్షన్‌ను 2002లోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది.

కొందరు పెద్దమనుషులు, అంత ఇబ్బందైతే బయట గది తీసుకోవచ్చు కదా అంటారు. తీసుకోగలిగినవాళ్లు తీసుకున్నారు. మా తరగతిలో డబ్బున్న ఇళ్ల అమ్మాయిలు రెండో సంవత్సరానికే అపార్టుమెంటుకు మారిపోయారు, ల్యాబ్‌లో ఎనిమిదింటి దాకా ఉండగలిగారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లం హాస్టల్‌లో మిగిలాం. నా రూమ్మేట్, ఆ మిశ్రమం లెక్కలు కట్టిన అమ్మాయి, ఎలాగో డబ్బు కూడబెట్టుకుని గది వెతకడానికి బయలుదేరింది. నేనూ తోడు వెళ్లాను. టు-లెట్ బోర్డు చూసి వెళ్లిన మొదటి ఇంట్లో ఇంటిపేరు అడిగారు. రెండో ఇంట్లో మాంసం తింటారా అని అడిగి, ఆ తర్వాత ఇంటిపేరు అడిగారు. మూడో ఇంటావిడ నేరుగా కులమే అడిగింది. నిజం చెప్పగానే, నిన్ననే ఎవరో అడ్వాన్స్ ఇచ్చారంది. బోర్డు ఆ తర్వాతి వారం కూడా అక్కడే వేలాడుతోంది. ఆడపిల్ల కాబట్టి గేటు లోపల, దళితురాలు కాబట్టి గేటు బయట చోటు లేదు. సూడాన్ నుంచో నైజీరియా నుంచో హైదరాబాద్‌కు చదువుకోవడానికి వచ్చే విద్యార్థులను అడిగి చూడండి, రంగు చూసి మూసుకున్న తలుపుల కథలు వాళ్లూ చెబుతారు. మనవాళ్లు అమెరికాలో జాతి వివక్ష ఎదురైతే ఇక్కడి టీవీల్లో రోజంతా చర్చ పెడతారు. పెట్టాల్సిందే. ఈ వీధిలో ఉన్న టు-లెట్ బోర్డు మీద కూడా ఒక గంట పెట్టండి.

ఉచిత బస్సు గురించి కూడా ఒక మాట. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. మా తరగతి అబ్బాయిలు కొందరు దీన్ని మగవాళ్ల మీద వివక్ష అంటారు. మా అమ్మ ఇప్పుడు ఆ బస్సులోనే పనికి వెళ్లి, మిగిలిన డబ్బుతో మోకాలి నొప్పికి మందులు కొనుక్కుంటోంది. ఆ డబ్బు విలువ తెలియనివాళ్లతో నేను వాదించను. కాని ప్రభుత్వం బస్సు ఇస్తే, అది ఎక్కడానికి కాలేజీ గేటు తీయాలి కదా.

ఇక మీరు చేయాల్సింది. ఒంటరిగా వెళ్లకండి, వీలైనంతమంది సంతకాలతో వినతిపత్రం రాయండి. అందులో స్వేచ్ఛ అనే మాటతో మొదలుపెట్టకండి, వాళ్లకు అది సినిమా అనిపిస్తుంది. లైబ్రరీ, ల్యాబ్ వేళలు రాసి, అవి మూసే వరకు అమ్మాయిలు ఉండేలా గడువు మార్చమని అడగండి. యూజీసీ నిబంధన ప్రతిని జతచేయండి. అబ్బాయిల హాస్టల్ నియమావళి కూడా అడిగి తీసుకుని పక్కన పెట్టండి. దారిలో దీపాలు, రాత్రి తిరిగే మహిళా గార్డు, మెస్‌లో పనిచేసే ఆడవాళ్లకు ఇంటికి చేర్చే వాహనం, ఇవి మూడూ అదే కాగితంలో ఉండాలి. ఇళ్లకు ఫోన్ చేస్తామని బెదిరిస్తారు కాబట్టి మీరే ముందుగా ఇంట్లో చెప్పి అమ్మానాన్నల సంతకాలు తెచ్చుకోండి. కాగితం ఇచ్చాక అందినట్టు ముద్ర వేయించుకోండి. మేము ఇలా చేశాక మాకు ఎనిమిదిన్నర వరకు ఇచ్చారు. అబ్బాయిలకు ఇంకా పదిన్నరే, అందుకే రెండో వినతిపత్రం ఇప్పుడు హాస్టల్‌లో గది గదికీ తిరుగుతోంది.