నిలబెట్టిన బండి స్టార్టు చేయగానే పొగ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా పెట్రోలు కారు పన్నెండేళ్ల నాటిదండీ. రోజూ తిప్పుతుంటే ఏ తేడా కనపడదు. వారం పది రోజులు షెడ్డులో ఉంచి స్టార్టు చేస్తే మాత్రం వెనక గుప్పున నీలం పొగ వచ్చి, అర నిమిషంలో ఆగిపోతుంది. రింగులు పోయాయి, ఇంజన్ దించాలంటున్నారు. దించమంటారా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఇప్పుడే దించకండి. నీలం పొగంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందన్నది నిజమే. అది ఏ దారిన సిలిండర్‌లోకి చేరుతోందో తెలియాలంటే రంగు కంటే పొగ వచ్చే సమయం చూడాలి. పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్‌ను పైకి రాకుండా ఆపే రింగులు అరిగితే ఆయిల్ కింది నుంచి వస్తుంది, అదీ ఇంజన్ తిరుగుతున్నంతసేపూ వస్తుంది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు, బరువు లాగేటప్పుడు పొగ పెరుగుతుంది. నిలబడి ఉన్న బండిలో ఆయిల్ రింగులు దాటి పైకి ఎక్కదు. మీ బండిలో మొదటి అర నిమిషమే పొగ ఉంటోంది కాబట్టి ఆయిల్ పైనుంచి కారుతోంది. ఇంజన్ పైభాగాన్ని హెడ్ అంటారు, అందులో ఒక్కో వాల్వ్ కాడకు చిన్న రబ్బరు సీలు ఉంటుంది. ఏళ్ల వేడికి అది గట్టిపడి కాడను పట్టుకోదు. బండి ఆపాక హెడ్ మీద మిగిలిన ఆయిల్ కాడ వెంట బొట్లుగా దిగి లోపల చేరుతుంది. స్టార్టు చేయగానే కాలేది అదే.

ఖాయం చేసుకోవడానికి రెండు పరీక్షలు. ఘాట్ రోడ్డు దిగే బండిలో ఈ లోపం ఇట్టే బయటపడుతుంది గానీ మన డెల్టాలో అంత పల్లం ఎక్కడిది! ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగంలో మూడో గేరులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా వదలండి. పది పదిహేను సెకన్లు అలా పోనిచ్చి మళ్లీ నొక్కండి. నొక్కిన క్షణంలో నీలం పొగ గుప్పుమంటే సీళ్లదే తప్పు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇన్‌టేక్ వైపు పీల్పు ఎక్కువై వాల్వ్ కాడ చుట్టూ ఆయిల్ లోపలికి లాగుతుంది.

రెండోది కంప్రెషన్, అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో చూడటం. ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్, పెట్రోలు కట్ చేసి, యాక్సిలరేటర్ చివరిదాకా నొక్కి ఒక్కో సిలిండర్ కొలవాలి. అంకె ఎంత వచ్చిందన్నదాని కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నీ మరీ తక్కువ కాకుండా, తేడా పది పదిహేను శాతం లోపు ఉంటే రింగుల మీద అనుమానం చాలావరకు వదిలేయొచ్చు. ఒకటి బాగా తక్కువ చూపిస్తే ఆ రంధ్రంలో ఒక టీ చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పైకి లేస్తే రింగులు. కదలకపోతే వాల్వ్ కూర్చునే సీటో, హెడ్ కింద అతుకు దగ్గర ఉండే హెడ్ గ్యాస్కెట్టో.

సీళ్లు మార్చడానికి చాలా ఇంజన్లలో హెడ్ దించే పని కూడా లేదు. పిస్టన్‌ను పైకి తెచ్చి, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి పట్టించి వాల్వులు కింద పడకుండా ఆపుతారు. స్ప్రింగు నొక్కి లాకులు తీసి పాత సీలు లాగి కొత్తది ఎక్కిస్తారు. మామూలు రబ్బరు కాకుండా వైటాన్ సీళ్లు అడగండి, అవి వేడికి ఎక్కువ కాలం ఆగుతాయి. ఆ పని చేసేటప్పుడే కాడను పక్కలకు కదిపి చూడమనండి. కాడ జారే గొట్టం, అంటే గైడ్, అరిగి కాడ ఊగుతుంటే కొత్త సీలు కూడా నిలవదు, అప్పుడు హెడ్ దించక తప్పదు.

ఇవన్నీ చేసే ముందు ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే ఆయిల్ గేజి, తీసి చూడండి. పై గీత దాటి పోసి ఉన్నా పొగ రావచ్చు. చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందని ఎవరో ఒకరు చెబుతారు. పొగ కాస్త తగ్గొచ్చు గానీ స్టార్టు చేసిన తొలి క్షణాల్లో ఆ ఆయిల్ పైదాకా ఆలస్యంగా చేరుతుంది. అది మంచి బేరం కాదు.

ప్రశ్న: మా అబ్బాయి కారు మా ఇంటి దగ్గరే ఉంటుంది, సంక్రాంతికి వచ్చినప్పుడు తిప్పుతాడు. మిగతా రోజుల్లో వారానికోసారి నేను ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తాను. తెల్ల పొగ, పొగగొట్టంలోంచి నీటి చుక్కలు వస్తున్నాయి. ఆయిల్ మూత కింద మీగడలా పేరుకుంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ఆ ఐదు నిమిషాల స్టార్టే కారణం కావడానికి ఎక్కువ అవకాశం. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. సైలెన్సర్ వేడెక్కితే అది బయటికి పోతుంది. వేడెక్కకముందే ఆపేస్తే లోపలే నీరై నిలిచి సైలెన్సర్‌ను తుప్పు పట్టిస్తుంది. రింగుల పక్కనుంచి దిగిన ఆవిరి ఆయిల్‌లో కలిసి, చల్లగా ఉండే మూత దగ్గర మీగడ కడుతుంది. కోనసీమ గాలిలో తేమ సంగతి మీకు చెప్పేదేముంది.

గ్యాస్కెట్టో కాదో తేల్చాలంటే: ఉదయం చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బా మీద మట్టానికి పెన్నుతో గీత పెట్టండి. ఆయిల్ మూత తుడిచేయండి. తర్వాత వారం రోజుల్లో మూడు నాలుగు సార్లు అరగంట చొప్పున రోడ్డు మీద తిప్పండి. మీగడ మళ్లీ రాకుండా, గీత కదలకుండా ఉంటే నిశ్చింతగా ఉండండి. మట్టం తగ్గినా, గేజికి అంటిన ఆయిలే పాలలా ఉన్నా, వేడెక్కాక కూడా తీపి వాసనతో తెల్ల పొగ గాలిలో వేలాడుతున్నా గ్యాస్కెట్‌ను అనుమానించాలి. అప్పుడు బండి తిప్పొద్దు. రేడియేటర్‌లోకి, దాని మూత మీద రాసి ఉన్న ప్రెషర్ వచ్చేదాకా, గాలి పంపు కొట్టించి రాత్రంతా ఉంచమనండి. పొద్దున ప్లగ్గులు తీసి చూస్తే ఏ సిలిండర్‌లో తడి ఉందో దొరికిపోతుంది. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తీయకండి.

సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. కూలెంట్‌లో ఆ నీళ్లు కలపకండి, డిస్టిల్డ్ వాటర్ వాడండి.

ప్రశ్న: దాళ్వా కోతలయ్యాక ట్రాక్టర్ షెడ్డులో పెట్టాం. జూన్‌లో సార్వా దమ్ముకని తీస్తే తెల్ల పొగ, కళ్లు మండుతున్నాయి. ఒక సిలిండర్ కొట్టనట్టు ఊగుతోంది, మూడు నాలుగు నిమిషాలకు సర్దుకుంటోంది. చలి కూడా లేదు కదా?
– ఒక రైతు, రాజోలు

జవాబు: కళ్లు మండితే అది ఆవిరి కాదు, కాలని డీజిల్. జూన్ ఎండలో చలిని అనుకోనక్కర్లేదు. డీజిల్‌లో నీరో, లైనులో గాలో, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ కారడమో, కంప్రెషన్ తగ్గడమో అయి ఉండాలి. ఈ వరసలోనే చూడండి, ఖర్చు తక్కువది ముందు వస్తుంది.

సగం ట్యాంకుతో రెండు నెలలు నిలబెడితే ఖాళీ భాగంలోని తేమ గాలి రాత్రిళ్లు నీరుగా మారి అడుక్కు దిగుతుంది. ట్యాంకు కింది బోల్టూ, ఫిల్టర్ కింది బోల్టూ విప్పి గాజు సీసాలోకి పట్టండి. ఐదు నిమిషాలు కదపకుండా పెడితే నీరు అడుగున విడిపోతుంది. నల్లటి జిగురు కనిపిస్తే ట్యాంకు కడిగి, ఫిల్టర్లు రెండూ మార్చాల్సిందే. కొత్త ఫిల్టర్ వేశాక ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీట కొడుతూ ఫిల్టర్ మీది గాలి స్క్రూ, ఆ తర్వాత నాజిళ్లకు డీజిల్ తోసే పెద్ద పంపు మీది స్క్రూ బుడగలు పోయేదాకా వదులు చేసి బిగించండి. రెండు రోజులు ఆగితే మళ్లీ గాలి చేరుతోందా? అయితే డీజిల్ పైపుల కొసలు బిగించే బాంజో బోల్టుల కింది వాషర్లు మార్చండి. డీజిల్ బయటికి కారకపోయినా ఆ సందులోంచి గాలి లోపలికి పోగలదు.

ఇక నాజిళ్లు. పొగ వస్తుండగా, ఐడిల్‌లో, ఒక్కో నాజిల్ పైపు నట్టు అర చుట్టు వదులు చేసి బిగించండి. మంచి సిలిండర్‌ది వదులు చేస్తే ఇంజన్ కుంటుతుంది. ఏది వదులు చేస్తే ఊపులో తేడా రాక పొగ మాత్రం తగ్గిందో, అదే దొంగ. నట్టు మీద గుడ్డ వేయండి. చేతిని ఆ డీజిల్ చిమ్మే దారిలో పెట్టకండి, అది చర్మంలోకి దూసుకుపోతుంది. ఈ పరీక్ష పాత మెకానికల్ పంపు ఉన్న ఇంజన్లకే. నాజిళ్లన్నింటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే కామన్ రైల్ బండి మీద ఎప్పుడూ చేయకండి, అక్కడి ఒత్తిడి 1000 బార్లు దాటుతుంది. దొరికిన నాజిల్ పంపు షాపులో పరీక్షించి, కారుతుంటే మార్పించండి. నాజిల్ బాగున్నా అదే సిలిండర్ సతాయిస్తే కంప్రెషన్ కొలవాలి.

వచ్చేసారి నిలబెట్టేటప్పుడు ట్యాంకు నిండా పోయండి. సైలెన్సర్ పైకి నిలువుగా ఉంటే దాని మీద డబ్బా బోర్లించండి, లేకపోతే వాన నీరు తెరిచి ఉన్న వాల్వ్ గుండా సిలిండర్‌లోకి దిగుతుంది. తీసేటప్పుడు ఎయిర్ క్లీనర్‌లో, సైలెన్సర్‌లో ఎలుక, కందిరీగ గూళ్లు ఉన్నాయేమో చూసి, ఇంజన్ ఆపే స్టాప్ మీట గుంజి పట్టుకుని ఇంజన్‌ను రెండు చుట్లు చేత్తో తిప్పాకే సెల్ఫ్ కొట్టండి.

ప్రశ్న: నెల రోజులు వాడని కార్బ్యురేటర్ బైకు స్టార్టు చేస్తే నల్ల పొగ, పెట్రోలు వాసన. ఆయిల్ మట్టం పోసినదానికంటే ఎక్కువ చూపిస్తోంది.
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: వెంటనే ఆపేయండి. పెట్రోలు కాక్ తెరిచే ఉండి, కార్బ్యురేటర్‌లో గిన్నె నిండగానే పెట్రోలును ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగా మూసుకోక, పెట్రోలు ఇంజన్‌లోకి దిగి ఆయిల్‌లో కలిసింది. గేజి తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది. ఆ పలచటి ఆయిల్‌తో తిప్పితే బేరింగులు పోతాయి. ఆయిల్ పూర్తిగా తీసేసి కొత్తది పోయండి. నీడిల్, దాని సీటు శుభ్రం చేయించండి, గాడి పడి ఉంటే మార్చండి. ఓవర్‌ఫ్లో గొట్టం మట్టితో పూడుకుపోయి ఉంటుంది, అదీ ఊది చూడండి. అది తెరిచి ఉంటే పెట్రోలు నేల మీదే కారేది. బండిని రెండు వారాలు మించి వదిలేటప్పుడు కాక్ మూసి, కార్బ్యురేటర్ అడుగు స్క్రూ విప్పి గిన్నె ఖాళీ చేయండి.