పిల్లల చేతికి వెళ్లిన ఈక్వేషన్ నంబరు మారకూడదు

ఎమ్మెస్సీ క్లాసుకి డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ నోట్స్ లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేస్తున్నానని, ప్రతి ఈక్వేషన్‌కీ నంబరు వెయ్యాలా, కావలసినవాటికే వెయ్యాలా అని మీరు అడిగారు. కావలసినవాటికే వెయ్యండి. కానీ అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది, దాన్ని ఎవరూ అడగరు. రీసెర్చ్ పేపర్ ఒకసారి అచ్చయ్యాక దాన్నిక ఎవరూ ముట్టుకోరు. లెక్చర్ నోట్స్ అలా కాదు. ఏటా ఏదో ఒకటి చేరుస్తాం, తీసేస్తాం, సరిదిద్దుతాం. పాత కాపీలు మాత్రం ఎక్కడికీ పోవు. హాస్టల్లో సీనియర్ల నుంచి జూనియర్లకి, జిరాక్స్ షాపు కంప్యూటర్లోంచి వాట్సాప్ గ్రూపుల్లోకి వెళుతూనే ఉంటాయి. ఒకే క్లాసులో మూడు రకాల కాపీలు ఉండడం మామూలే. కాబట్టి నంబరు ఎంత అందంగా వేశామన్నది కాదు, వచ్చే ఏడాది కూడా అదే ఈక్వేషన్‌కి అదే నంబరు ఉంటుందా లేదా అన్నది చూసుకోవాలి.

నేను ఒకప్పుడు పనిచేసిన పీజీ కాలేజీలో జరిగింది చెబుతాను. ఇంటర్నల్ పరీక్ష. నోట్స్ దగ్గర పెట్టుకుని రాయొచ్చన్నారు. ఆ సబ్జెక్టు నాది కాదు, ఆ గదిలో ఇన్విజిలేషన్ నాకు పడింది. మూడో ప్రశ్న ఇది: (2.14) ఉపయోగించి, రెండు సొల్యూషన్ల రాన్‌స్కియన్ ఇంటర్వల్ అంతటా సున్నా అవుతుంది, లేదా ఎక్కడా సున్నా కాదు అని చూపండి. (రాన్‌స్కియన్ అంటే రెండు సొల్యూషన్లనీ, వాటి డెరివేటివ్‌లనీ కలిపి కట్టే ఒక డిటర్మినెంట్.)

పేపర్లు పంచిన కాసేపటికే కిటికీ పక్కనున్న అమ్మాయి లేచింది. "సార్, టూ పాయింట్ ఫోర్టీన్ అంటే రాన్‌స్కియన్ డెఫినిషనే కదా సార్, దాంతో ఎలా వస్తుంది?" అంది. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి, "కాదు సార్, అది ఏబెల్ ఫార్ములా" అన్నాడు. ఇద్దరి నోట్సూ తెప్పించి టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూశాను. ఇద్దరూ చెప్పింది నిజమే. అబ్బాయిది సీనియర్ల దగ్గర తీసుకున్న స్పైరల్ బైండింగ్. అందులో (2.14) ఏబెల్ ఫార్ములాయే. ఒక బిందువు దగ్గర రాన్‌స్కియన్ విలువని ఒక ఎక్స్‌పొనెన్షియల్‌తో గుణిస్తే ఇంకే బిందువు దగ్గరి విలువైనా వస్తుందని చెప్పే సూత్రం అది. ఎక్స్‌పొనెన్షియల్ ఎప్పుడూ సున్నా కాదు కాబట్టి జవాబు రెండు లైన్లలో అయిపోతుంది. అమ్మాయిది ఆ సంవత్సరం గ్రూపులో పెట్టిన కొత్త పీడీఎఫ్ ప్రింటు. అందులో (2.14) అంటే డెఫినిషన్. ఏబెల్ ఫార్ములా (2.17)కి జారిపోయింది.

కారణం తర్వాత ఫైలు తెరిస్తే తెలిసింది. ఆ చాప్టర్ మొదట్లో మూడు లైన్ల లెక్క ఒకటుంది. రెండు సొల్యూషన్లని కలిపితే అదీ సొల్యూషనే అని చూపే మామూలు లెక్క. పాత ఫైల్లో అది అలైన్ స్టార్‌లో, అంటే చాలా లైన్ల ఈక్వేషన్లని నంబర్లు లేకుండా వరసలో పెట్టే లేటెక్ కమాండ్‌లో ఉంది. ఎవరో సవరించేటప్పుడు ఆ స్టార్ ఎగిరిపోయింది. స్టార్ లేని అలైన్ ప్రతి లైనుకీ ఒక నంబరు వేసేస్తుంది. మూడు లైన్లు, మూడు నంబర్లు, ఆ తర్వాత చాప్టర్ చివరిదాకా అన్నీ మూడేసి జరిగాయి. ప్రశ్నపత్రం తయారుచేసినాయన తన దగ్గరున్న పాత ప్రింటు చూసి నంబరు వేశారు.

ఆయన స్టాఫ్ రూమ్ నుంచి వచ్చి ఫార్ములా బోర్డు మీద రాసేసరికి, ఆ అమ్మాయి డెఫినిషన్‌ని డిఫరెన్షియేట్ చేసి, సెకండ్ డెరివేటివ్‌ల బదులు అసలు ఈక్వేషన్ నుంచి విలువలు పెట్టి, ఏబెల్ ఫార్ములాని తనే సొంతంగా రాబట్టేసింది. నిజానికి క్లాసులో ఎవరూ చెయ్యని పని చేసింది. కానీ టైమ్ అంతా దానికే సరిపోయింది, చివరి ప్రశ్న ముట్టుకోనేలేదు. మార్కులు తగ్గాయి. అది నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

అందుకే ఇప్పుడు నా నోట్స్‌లో కొన్ని పట్టింపులున్నాయి. ప్రియాంబుల్‌లో, అంటే ఫైలు మొదట్లోని సెట్టింగ్‌ల భాగంలో, ఏఎమ్ఎస్‌మ్యాథ్ అనే గణితం ప్యాకేజీ పెట్టగానే నంబర్‌విదిన్ కమాండ్‌తో ఈక్వేషన్ కౌంటర్‌ని (నంబర్లు లెక్కపెట్టేదాన్ని) సెక్షన్‌కి కట్టేస్తాను, ప్రతి సెక్షన్‌లో నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. ఒక సెక్షన్ అంటే నాకు ఒక లెక్చర్. ఎక్కడ ఏ పొరపాటు జరిగినా ఆ లెక్చర్ దాటి పోదు. నోట్స్ మొత్తానికీ ఒకటే వరస పెట్టి (187) దాకా తీసుకెళ్లేవాళ్లున్నారు. రెండో పేజీలో ఒక ఈక్వేషన్ చేరిస్తే తొంభయ్యో పేజీ దాకా అన్నీ కదులుతాయి. అలా వద్దు.

మామూలుగా రాసేది అలైన్ స్టార్‌లోనే. నంబరు కావలసిన లైను ఉంటేనే స్టార్ తీసి, మిగతా లైన్ల చివర నంబరు రాకుండా ఆపే నోట్యాగ్ వేస్తాను. ఒక ప్రూఫ్ లోపల రెండు లైన్ల తర్వాత వాడి వదిలేసే ఈక్వేషన్‌కి నంబరెందుకు? నంబరు బదులు మనం రాసింది వేసే ట్యాగ్ కమాండ్‌తో ఒక నక్షత్రం గుర్తు పెడితే చాలు. పిల్లలకి కూడా అది ఆ ప్రూఫ్ వరకేనని అర్థమవుతుంది. తర్వాత ప్రస్తావించడానికి ఈక్వేషన్‌కి పెట్టుకునే లేబుల్ పేరు మాత్రం అర్థాన్ని బట్టి పెట్టాలి. "ఏబెల్" అని పెట్టండి, "ఈక్యూ14" అని పెట్టకండి, రేపు అది పద్నాలుగు కాకపోవచ్చు. రాస్తున్నంతకాలం షోకీస్ ప్యాకేజీ పెట్టుకుంటే లేబుళ్లన్నీ పేజీ మీదే కనబడతాయి. పంచేముందు తీసెయ్యండి.

మ్యాథ్‌టూల్స్ ప్యాకేజీలో షోఓన్లీరెఫ్స్ అని ఒక సదుపాయం ఉంది. ఈక్యూరెఫ్ కమాండ్‌తో ఎక్కడో ఒకచోట ప్రస్తావించిన ఈక్వేషన్‌కే నంబరు వేస్తుంది. చాలామంది అదే వాడమని చెబుతారు. పేపర్‌కి బాగుంటుంది. లెక్చర్ నోట్స్‌కి వద్దేవద్దు. వచ్చే ఏడాది మీరు ఎక్కడో ఒక వాక్యంలో కొత్తగా ఒక ఈక్వేషన్‌ని ప్రస్తావిస్తారు, అంతే, అప్పటిదాకా నంబరు లేని దానికి నంబరు పుట్టుకొస్తుంది, ఆ తర్వాతవన్నీ జరుగుతాయి. పైగా మనం క్లాసులో నోటితో చెప్పే ప్రస్తావనలు ఆ ప్యాకేజీకి ఎలా తెలుస్తాయి?

అన్నిటికీ నంబర్లు వెయ్యాలనే వాదన కూడా చిన్నదేం కాదు. భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ మెర్మిన్ 1989లో ఫిజిక్స్ టుడే పత్రికలో ఈక్వేషన్లు రాసే పద్ధతి గురించి ఒక వ్యాసం రాశారు. విడిగా లైనులో వేసిన ప్రతి ఈక్వేషన్‌కీ నంబరు ఉండాలన్నది అందులో మొదటి నియమం. మీరు ప్రస్తావించకపోయినా చదివేవాళ్లు ప్రస్తావించాల్సి రావచ్చు కదా అని. పేపర్ల విషయంలో ఒప్పుకుంటాను. ఏటా మారే నోట్స్‌లో నంబర్లు ఎన్ని ఎక్కువుంటే అన్ని కదులుతాయి. ఆయన రెండో నియమం మాత్రం ప్రతి టీచరూ టేబుల్ అద్దం కింద పెట్టుకోవాల్సింది. ఈక్వేషన్‌ని ప్రస్తావించేటప్పుడు నంబరు ఒక్కటే పడేసి ఊరుకోకుండా, అదేమిటో ఒక మాటలో చెప్పాలి. "ఏబెల్ ఫార్ములా (2.14)" అని రాసి ఉంటే ఆ రోజు గదిలో గొడవే ఉండేది కాదు. ప్రశ్నపత్రంలో అయితే ఈక్వేషన్ మొత్తం రాసెయ్యాలి. ఒక లైను ఖర్చు, అంతే.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. లేటెక్ వర్క్‌షాపుల్లో సర్టిఫికెట్లు ఇచ్చి పంపిస్తారు గానీ లేబుల్, దాన్ని ప్రస్తావించే రెఫ్ సంగతి సరిగ్గా చెప్పరు. ఇప్పటికీ ఈక్యూఎన్అరే అనే పాత పద్ధతి నేర్పుతున్నవాళ్లున్నారు. అందులో ఈక్వల్స్ గుర్తుకి అటూ ఇటూ అక్కర్లేని ఖాళీ వస్తుంది, ఈక్వేషన్ పొడుగైతే నంబరు దానిమీదే ఎక్కి కూర్చుంటుంది. అలైన్ ఉండగా దాని అవసరమే లేదు. ఒక్కసారే కంపైల్ చేసి, రెఫరెన్సుల దగ్గర రెండేసి ప్రశ్నార్థకాలున్న పీడీఎఫ్‌ని అలాగే గ్రూపులో పెట్టేవాళ్లూ ఉన్నారు. లేబుల్స్ మారి ఉండొచ్చు, మళ్లీ రన్ చెయ్యి అని లేటెక్కే హెచ్చరిస్తుంది, చదివితే చాలు. ఆన్‌లైన్‌లో లేటెక్ నడిపే ఓవర్‌లీఫ్‌లో ఆ పని దానంతటదే జరుగుతుంది.

నంబరు కుడివైపా ఎడమవైపా అన్నదానికి నా జవాబు జిరాక్స్ షాపులో దొరికింది. బ్యాక్ టు బ్యాక్ ప్రింటు తీసి స్పైరల్ వేస్తే ఒక పేజీలో ఎడమ అంచు, దాని వెనక పేజీలో కుడి అంచు చిల్లుల్లోకి పోతాయి. మార్జిన్ చిన్నదైతే సరిగ్గా నంబరే పోతుంది. జామెట్రీ ప్యాకేజీలో బైండింగ్‌ఆఫ్‌సెట్ అని ఉంటుంది. టూసైడ్ ఆప్షన్‌తో కలిపి ఒక సెంటీమీటరు ఇవ్వండి, ఆ తర్వాత కుడి అయినా ఎడమ అయినా ఫర్వాలేదు.

ఇక మీ నోట్స్ ఇప్పటికే పిల్లల చేతికి వెళ్లిపోయి ఉంటే, మధ్యలో చేర్చే కొత్త ఈక్వేషన్‌కి కౌంటర్ నంబరు ఇవ్వకండి. ట్యాగ్‌తో 2.14ఎ అని ఇవ్వండి. రెండు పాత ఇళ్ల మధ్య కొత్త ఇల్లు లేస్తే మునిసిపాలిటీవాళ్లు వీధంతా నంబర్లు మార్చరు, పక్కింటి డోర్ నంబరుకే "ఎ" అక్షరం చేరుస్తారు కదా, అలాగే. ట్యాగ్ వేస్తే కౌంటర్ ముందుకి కదలదు, (2.15) ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, లేబుల్ కూడా మామూలుగానే పనిచేస్తుంది. చేత్తో నంబరు వెయ్యడం తప్పని కొందరంటారు. డొనాల్డ్ కనూత్ 1978లో తెచ్చిన, లేటెక్‌కి మూలమైన టెక్‌లో ఈక్యూనో అని రాసి నంబరు మనమే టైప్ చెయ్యాలి, ఆ పనిని మెషీన్‌కి అప్పగించింది 80లలో వచ్చిన, లెస్లీ లాంపోర్ట్ రాసిన లేటెక్. అవసరమైనచోట చేత్తో వేస్తే ఏ శాస్త్రానికీ భంగం రాదు. తీసెయ్యాల్సిన ఈక్వేషన్ ఉంటే దాని చోట యాడ్‌టుకౌంటర్‌తో కౌంటర్‌ని ఒకటి పెంచి, ఆ నంబరుని ఖాళీగా వదిలెయ్యండి. మొదటి పేజీలో సంవత్సరం, ఎడిషన్ వేసి, ఈ ఏడాది ఏ నంబర్లు కొత్తగా చేరాయో, ఏవి పోయాయో కింద ఒక లైను రాయండి. పాత స్పైరల్ పట్టుకొచ్చిన పిల్లాడు ఆ ఒక్క పేజీ జిరాక్స్ తీసుకుని తన పుస్తకంలో పెట్టుకుంటాడు.