ఆ పాట తొలి రికార్డును వెతికే ముందు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

నువ్వు ఫిలడెల్ఫియాలో సన్నీ డే బృందం పాడిన 'రాక్ అరౌండ్ ది క్లాక్' రికార్డు కోసం గాలిస్తున్నావనీ, దొరికితే శుభ్రం చేసి అందరికీ వినిపిస్తావనీ మీ అమ్మ చెప్పింది. ఆ పాట అనగానే లోకానికి అమెరికా గాయకుడు బిల్ హేలీయే గుర్తొస్తాడు. 1954లో ఆ ఊరికే చెందిన ఆర్కేడ్ అనే చిన్న కంపెనీ అతనికంటే ముందే సన్నీ డే చేత పాడించిందన్న సంగతి పట్టించుకునేవాడు మన ఇంట్లో పుట్టాడని గర్వంగా ఉంది. నీ తొందర తెలుసు గనుక భయంగానూ ఉంది.

అమ్మేవాడి మాట నమ్మకుండా లేబుల్ మీది పేరూ నంబరూ చూసి కొను. రెండు వైపులూ విను. హేలీ రికార్డులో ఈ పాట మొదట రెండో వైపునే ఉండేది, 1955లో ఒక సినిమాలో వినిపించాకే దాని దశ తిరిగింది. 78 ప్లేటుకు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుకు, తర్వాత వచ్చిన ఎల్పీ రికార్డుల ముల్లు పెట్టకు.

స్పిరిట్ మాత్రం తాకించకు. మీ నాన్న ఒకసారి ఆ పని చేశాడు. ఎంతో కష్టపడి సంపాదించిన 78 ప్లేటుకు బూజు పట్టిందని, టేప్ రికార్డర్ హెడ్డు తుడిచే స్పిరిట్‌లో దూది ముంచి, అంచు నుంచి లేబుల్ దాకా ఓపికగా తుడిచాడు. దూది నల్లబడుతుంటే మురికి వదులుతోందని సంబరపడ్డాడు గానీ, వదులుతున్నది పాటే. ఆ ప్లేట్లను పట్టి ఉంచేది లక్క. స్పిరిట్‌లో అది కరుగుతుంది, వడ్రంగులు బల్లలకు వేసే ఫ్రెంచి పాలిష్ తయారయ్యేదే అలా. ఆరాక చూస్తే గాడి మెరుపు పోయింది, ముల్లు పెడితే బుస్సుమన్న చప్పుడు తప్ప గొంతు లేదు. ఆయన దాన్ని పారేయలేదు, దాని మాట మళ్ళీ ఎత్తనూ లేదు. శ్రద్ధలో నువ్వు అచ్చం ఆయనవే, అందుకే ఇంతగా పోరుతున్నాను. డిస్టిల్డ్ వాటరూ మెత్తని బ్రష్షూ చాలు. గాడి వెంటే తుడువు, లేబుల్ కాగితం తడవనీయకు.

పాతదే కదా, ఎవరడుగుతారని అనుకోకు. 2018 నాటి అమెరికా చట్టం ప్రకారం ఈ రికార్డింగుకు 2064 చివరి దాకా రక్షణ ఉంది. పాట సాహిత్యం, బాణీ మీది హక్కు దానికి వేరు. రచయితలలో ఫ్రీడ్‌మన్ పక్కన కనిపించే డి నైట్ అన్నది జేమ్స్ మయర్స్ అనే ప్రచురణకర్త మారుపేరు. అతను నిజంగా ఎంత రాశాడన్నది ఇంకా వివాదమే. అయినా రెండు హక్కులవారినీ అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే వినిపించు.

కొనడానికి డబ్బు చాలకపోతే నాకు రాయి. మీ పిన్నికి చెప్పనక్కరలేదు.