లంపీ కాదు, దూడలకు తామర, ఆవుకు కంటి పుండు. ముందు ఫినాయిల్ స్నానం ఆపండి

ప్రశ్న: మాకు రెండు జెర్సీ సంకరజాతి ఆవులు, మూడు దూడలు ఉన్నాయి. నెల రోజులుగా రెండు దూడలకు కళ్ళ చుట్టూ, మెడ మీద తెల్లని పొక్కులు కట్టి వెంట్రుకలు ఊడిపోతున్నాయి. పది రోజుల నుంచి ఒక ఆవుకు కుడి కంటి వెంట నీరు కారుతోంది, కంట్లో తెల్లగా కనిపిస్తోంది. లంపీ (ముద్ద చర్మవ్యాధి) అనుకొని, మందుల దుకాణంలో చెప్పినట్లు మూడు రోజులు పెన్సిలిన్-స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు వేయించాము. దూడల మచ్చలకూ ఆవు కంటికీ దుకాణంలో ఇచ్చిన ఒకే లేపనం రాస్తున్నాము. రోజూ ఫినాయిల్ నీళ్ళతో కడుగుతున్నాము. అయినా ఎక్కువవుతోంది. దూడలు మాత్రం చక్కగా మేస్తున్నాయి, మేత వరిగడ్డి. పశువుల ఫొటోలు, లేపనం ట్యూబు ఫొటో పంపుతున్నాము. లంపీ టీకా ఇప్పుడు వేయించవచ్చా? మా అమ్మాయి ముంజేతి మీద కూడా గుండ్రని మచ్చ లేచింది. – ఒక పాడి రైతు, హిరమండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు పంపిన ఫొటోలను జాగ్రత్తగా చూశాను. ఇది లంపీ కాదు. లంపీ సోకిన పశువుకు 104 నుంచి 106 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు జ్వరం వస్తుంది, మేత మానేస్తుంది, భుజం ముందు గ్రంథులు వాస్తాయి, చర్మం కింద 2 నుంచి 5 సెంటీమీటర్ల గట్టి గడ్డలు చేతికి తగులుతాయి. మీ దూడలు చక్కగా మేస్తున్నాయని మీరే రాశారు. వాటి కళ్ళ చుట్టూ ఉన్నవి గడ్డలు కావు. రూపాయి బిళ్ళంత గుండ్రంగా, గోడ మీద సున్నం చింది ఎండినట్లు బూడిద తెలుపులో పేరుకున్న పొక్కులు. అంచున వెంట్రుకలు మొదలంటా ఊడకుండా మధ్యలో తెగి మోళ్ళలా నిలిచి ఉన్నాయి. ఇది ట్రైకోఫైటాన్ అనే బూజుజాతి శిలీంధ్రం వల్ల దూడలకు వచ్చే తామర. ఆవు కంటిలో ఉన్నది వేరే జబ్బు. నల్లగుడ్డు నడుమ జొన్నగింజంత తెల్లని మచ్చ, వెలుతురు భరించలేక మూసుకున్న రెప్ప, చెంప మీద కన్నీటి చారకు అంటుకొని వాలిన ఈగలు చూస్తే, మొరాక్సెల్లా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే కండ్లకలక ముదిరి పుండుగా మారిందని అనుమానిస్తున్నాను.

రెండు జబ్బులు ఒకే పాకలో ఒకే నెలలో ఎందుకు వచ్చాయన్నదే మీరు ఆలోచించవలసిన విషయం. పశువు చర్మానికీ కంటికీ పుట్టుకతోనే కాపలా ఉంటుంది. చర్మం పైపొర గట్టి మాంసకృత్తుతో తయారై ఎప్పటికప్పుడు పొట్టులా రాలుతూ, తన మీద వాలిన క్రిములను వెంట తీసుకుపోతుంది. వెంట్రుకల కుదుళ్ళలో ఊరే జిడ్డులోని కొవ్వు ఆమ్లాలు శిలీంధ్రాలను అంత సులువుగా నిలవనీయవు. దానిపైన, స్టెఫిలోకాకస్, కొరినిబాక్టీరియం వంటి ఎన్నో సూక్ష్మజీవులు ఆరోగ్యమైన చర్మం మీద ఎల్లవేళలా కాపురం ఉండి, చోటునూ ఆహారాన్నీ తామే ఆక్రమించి కొత్తగా వచ్చిన రోగక్రిమికి చోటు లేకుండా చేస్తాయి. మీరు రోజూ పోస్తున్న ఫినాయిల్ నీళ్ళు ఆ జిడ్డును కడిగేశాయి, చర్మాన్ని పగలగొట్టాయి. పెన్సిలిన్-స్ట్రెప్టోమైసిన్ శిలీంధ్రాన్ని ఏమీ చేయలేదు, చేయజాలదు కూడా; అది బ్యాక్టీరియా మందు కాబట్టి, కాపలా ఉన్న మంచి సూక్ష్మజీవులనే దెబ్బతీసి, అప్పటికే ఉన్న తామర మరింత పాకడానికి దారి తెరిచి ఉండవచ్చు. ఫినాయిల్ నేలకు వాడవలసినది, పశువు ఒంటికి కాదు.

కంటికి ఉన్న కాపలా ఇంకా గొప్పది. రెప్ప కొట్టినప్పుడల్లా కన్నీరు దుమ్మునూ క్రిమినీ కడిగేస్తుంది, ఆ కన్నీటిలో క్రిములను అడ్డుకునే పదార్థాలు కూడా ఉంటాయి.  ఆరోగ్యంగా ఉన్న ఆవుల కళ్ళలో కూడా మొరాక్సెల్లా ఒక్కోసారి ఉంటుంది, జబ్బు మాత్రం చేయదు. ఎండ తీవ్రత, ఎండుగడ్డి మొనలు గీసుకోవడం, దుమ్ము, పొగ, ఈగలు కంటి పైపొరను గాయపరిచినప్పుడే అది అక్కడ అతుక్కొని పుండు చేస్తుంది. దోమల కోసం సాయంత్రం పాకలో పెట్టే వేపాకు పొగ కూడా తలుపులు మూసి ఉంటే కంటికి హానే. దాని బదులు దోమతెర కట్టండి.

మీరు పంపిన ఫొటోలో ట్యూబు మీద బీటామెథసోన్ అని స్పష్టంగా ఉంది. ఇది స్టెరాయిడ్. కంటి పుండు మీద స్టెరాయిడ్ రాస్తే మానడం ఆగిపోయి, నల్లగుడ్డుకు చిల్లు పడి కన్ను శాశ్వతంగా పోవచ్చు. తామర మీద రాస్తే రెండు రోజులు ఎరుపు, దురద తగ్గినట్లే అనిపించి, లోపల శిలీంధ్రం నిశ్చింతగా పాకుతుంది. పశువును కళ్ళతో చూడకుండా, మాటలు విని మాత్రమే ఇంజెక్షనూ లేపనమూ చేతిలో పెట్టే దుకాణదారుల సలహా వల్ల కళ్ళు పోయిన పశువులను ఈ జిల్లాలో నేను చాలా చూశాను. మందు అమ్మేవారి దగ్గర మందు కొనండి, రోగ నిర్ధారణ మాత్రం కొనవద్దు.

ఇక ఇప్పుడు చేయవలసినది. ఆవును ఈ రోజే నీడలో కట్టండి. లీటరు నీటిని మరిగించి చల్లార్చి, అందులో 9 గ్రాముల ఉప్పు కలిపి, శుభ్రమైన దూదితో ముక్కు వైపు నుంచి బయటి మూలకు కన్ను కడగండి. దూదిని ప్రతిసారీ మార్చండి. తర్వాత టెట్రాసైక్లిన్ కంటి లేపనాన్ని సెంటీమీటరు పొడవున కింది రెప్ప లోపల రోజుకు మూడుసార్లు, 5 నుంచి 7 రోజులు రాయండి. పశువైద్యుడు చూసి పుండును ఖాయం చేస్తే, మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాములు ఉన్న, ఎక్కువ కాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్‌ను ప్రతి 10 కిలోల బరువుకు 1 మిల్లీలీటరు చొప్పున కండలోకి వేస్తారు. మీ ఆవు 300 కిలోలు ఉంటే 30 మిల్లీలీటర్లు; ఒక చోట 10 మిల్లీలీటర్లకు మించకుండా మూడు చోట్ల వేయాలి, అవసరమైతే 72 గంటల తర్వాత మరోసారి. సీసా మీద పాల గడువు రాసి లేకపోతే, చివరి ఇంజెక్షన్ తర్వాత కనీసం 7 రోజులు పాలు అమ్మకూడదు, ఇంట్లో తాగకూడదు. మొన్న వేయించిన పెన్సిలిన్‌కూ ఇదే నియమం. ఆ పాలు కేంద్రానికి పోసి ఉంటే ఇకనైనా మానండి. జబ్బు లేని రెండో ఆవుకు ముందుజాగ్రత్త అంటూ ఈ మందు వేయించవద్దు. ఉప్పు నమిలి కంట్లో ఉమ్మడం, పొగాకు రసం పిండడం వంటివి ఎవరు చెప్పినా చేయవద్దు. వైద్యునితో కంటి లోపలి మూలన ఉండే మూడో రెప్పను ఎత్తి చూపించండి. అక్కడ సన్నని తెల్లని దారపు పోగులా పురుగు కదులుతుంటే అది కంటి పురుగు, దానికి చికిత్స వేరు.

దూడల పొక్కులను గోరువెచ్చని సబ్బు నీటితో నానబెట్టి, చేతులకు తొడుగులు వేసుకొని, మెత్తని బ్రష్‌తో రాల్చి, రాలిన పొట్టును కాల్చివేయండి. రక్తం వచ్చేలా గీకవద్దు. ఆరిన తర్వాత మెడ మీది మచ్చలకు 6 శాతం బెంజోయిక్, 3 శాతం సాలిసిలిక్ ఆమ్లాలు ఉన్న విట్‌ఫీల్డ్ లేపనాన్ని రోజుకు రెండుసార్లు రాయండి. కంటి చుట్టూ మాత్రం ఇది కాని, టింక్చర్ అయొడిన్ కాని తగలకూడదు; అక్కడ 1 శాతం క్లోట్రిమజోల్‌ను రెప్ప అంచుకు వేలు వెడల్పు దూరంలో రాయండి. మూడు వారాలు ఆపకుండా రాయాలి. సాధారణంగా ఈ తామర రెండు మూడు నెలల్లో దానంతట అదే మానుతుంది, చికిత్స వల్ల త్వరగా తగ్గి ఇతర పశువులకు పాకకుండా ఉంటుంది. శిలీంధ్ర బీజాలు గుంజలు, పలుపుల మీద నెలల తరబడి బ్రతుకుతాయి కాబట్టి పాత పలుపులను తగలబెట్టండి. పేడ తీసేసిన నేలకూ గుంజలకూ లీటరు నీటికి 15 నుంచి 20 గ్రాముల తాజా బ్లీచింగ్ పొడి కలిపి పోసి, అరగంట తర్వాత కడిగి, ఆరిన తర్వాతే పశువులను లోపలికి తోలండి. మూడో దూడను వేరుగా కట్టండి. మీ అమ్మాయి చేతి మచ్చ దూడ నుంచి అంటినదే అయి ఉంటుంది. అదే ట్యూబు రాయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి.

మేత గురించి మీరు ఒక్క మాటే రాశారు, వరిగడ్డి అని. నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించింది అదే. ఎండిన వరిగడ్డిలో కెరోటిన్ దాదాపు ఉండదు, కెరోటిన్ లేనిదే పశువుకు విటమిన్ ఏ అందదు. విటమిన్ ఏ కొరవడితే చర్మం, కంటి పొరలు పొడిబారి తమ కాపలా బలాన్నే కోల్పోతాయి. ఈ సాయంత్రం మసక వెలుతురులో దూడను వదిలి చూడండి. గుంజకు తగులుకుంటూ తడబడితే రేచీకటి మొదలైనట్లే, అప్పుడు పశువైద్యునితో విటమిన్ ఏ ఇంజెక్షన్ వేయించండి. వంశధార నీళ్ళందే మీ ప్రాంతంలో సూపర్ నేపియర్ గడ్డి పెంచడం కష్టం కాదు. ఆవుకు రోజుకు 15 నుంచి 20 కిలోలు, పాలు మానిన దూడకు 2 నుంచి 3 కిలోలు పచ్చిగడ్డి అందాలి. దూడలను ఉదయపు ఎండ తగిలే చోట కట్టండి, చీకటి మూలలోంచి బయటికి తీయండి.

లంపీ టీకా అవసరమే. 2019లో మన పొరుగున ఉన్న ఒడిశాలోనే ఇది దేశంలో మొదట బయటపడింది. అయితే టీకా ఆరోగ్యంగా ఉన్న పశువుకే వేయాలి. రెండో ఆవుకూ, నాలుగు నెలలు దాటి ఆరోగ్యంగా ఉంటే మూడో దూడకూ, లంపీ రాకుండా వేసే మేక మశూచి టీకా 1 మిల్లీలీటరు చర్మం కింద ఇప్పుడే వేయించండి. జబ్బు పడినవాటికి పూర్తిగా కోలుకున్నాకే వేయించాలి. ఏడాదికొకసారి మళ్ళీ వేయించాలి. మీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడిని అడగండి. ఆవు రెప్ప మూడో రోజుకు కూడా తెరవకపోయినా, తెల్ల మచ్చ పెద్దదైనా, కన్ను ఉబ్బినా ఆలస్యం చేయకుండా 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి.