అంతంత టవర్లు కళ్ళెదుటే ఉంటే హెలికాప్టర్ తీగలకు ఎలా తగులుకుంటుంది?

ఇబ్రహీంపట్నం దగ్గర హైటెన్షన్ లైను పక్కనే ఒక హెలికాప్టర్ నెమ్మదిగా పోవడం చూశానని, అంతెత్తు టవర్లు కనబడుతుంటే తీగలకు గుద్దుకోవడమేంటని, పైలట్లు నిద్రపోతారా అని అడిగారు. నిద్రపోరండీ. అలా నెమ్మదిగా పోయేది లైను తనిఖీ చేసే హెలికాప్టర్. భయపడాల్సింది తనిఖీ చేస్తున్న లైనుకు కాదు. దాన్ని అడ్డంగా దాటే రెండో లైనుకు, పిడుగుల నుంచి లైనును కాపాడేందుకు టవరు నెత్తిన కట్టే ఎర్త్ వైరుకు.

400 కేవీ (4 లక్షల వోల్టుల) లైనులో కరెంటు మోసే తీగను, అంటే కండక్టరును, మూస్ రకం అంటారు, 31.77 మి.మీ. లావు. చాలా లైన్లలో ఇవి జతగా, రెండేసి పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కంటికి ఆనుతుంది. పైనున్న ఎర్త్ వైరు ఏడు ఉక్కు పోగుల పేట, 11 మి.మీ. లోపే, అంటే పెన్నంత. కంటిచూపు మామూలు లెక్కలో అది విడిగా తేలేది ఓ 38 మీటర్ల దగ్గర. 60 నాట్ల (గంటకు దాదాపు 110 కి.మీ.) వేగంలో ఆ దూరం సెకనుంబావులో అయిపోతుంది. వెనక ఆకాశం ఉంటే ఇంకా ముందే కనబడుతుంది. కానీ పైనుంచి చూసేవాడికి వెనక ఉండేది నల్లరేగడి, మిరప చేలు, కృష్ణ ఇసుక. బూడిద రంగుకు తిరిగిన పాత తీగ వాటిలో కలిసిపోతుంది.

ఇంకో తిరకాసు ఉంది. ఎర్త్ వైరు కండక్టరంత వేలాడదు. టవరు దగ్గర రెండింటి మధ్య ఉన్న ఎడం స్పాను (రెండు టవర్ల నడిమి దూరం) మధ్యకొచ్చేసరికి పెరుగుతుంది. కండక్టరును చూసి ఎత్తు అంచనా వేసుకున్నవాడు అక్కడే దెబ్బతింటాడు.

220 కేవీ లైను వెంట పోతున్నారనుకోండి. పైలట్ పక్కన కూర్చుని లైను పరిశీలించే అబ్జర్వరు బైనాక్యులర్‌తో డిస్కులు (తీగను టవరుకు వేలాడదీసే పింగాణీ, గాజు బిళ్ళలు) చూస్తూ "ఒకటి పగిలినట్టుంది, ఇంకోసారి చూద్దాం" అన్నాడు. పైలట్ తల పక్కకు తిరిగింది. వెనక్కి మళ్ళడానికి కాస్త ముందుకు జరిగాడు. సరిగ్గా అక్కడ ఒక 400 కేవీ లైను దీని మీదుగా దాటుతోంది. దాని టవర్లు అటొకటి ఇటొకటి, రెండేసి వందల మీటర్ల దూరాన చెట్ల చాటున ఉన్నాయి. ఎదురుగా తీగలు తప్ప ఏమీ లేదు. ఆ లైను సంగతి పొద్దున మ్యాపులో చూసుకున్నదే! ఆస్ట్రేలియాలో పైర్ల మీద మందు చల్లే విమానాల ప్రమాదాలు పరిశీలిస్తే, 63 శాతం సందర్భాల్లో తీగ ఎక్కడుందో పైలట్‌కు ముందే తెలుసు.

ఇలాంటిది జరిగితే మన పేపర్లు "హైటెన్షన్ షాక్ కొట్టి కూలింది" అని రాసేస్తాయి. షాక్ కాదు మహాప్రభో. తీగ అద్దం మీద జారుతూ పైకెళ్ళి రోటరు మాస్టు (రెక్కలు తిరిగే ఇరుసు) దగ్గర, రెక్కల వాలు మార్చే పిచ్ లింకులకు చుట్టుకుంటుంది, కంట్రోళ్ళు బిగుసుకుపోతాయి. లేదా స్కిడ్ (కింద ఉండే దిగుడు కడ్డీ) తగులుకుని ముక్కు కిందికి పడుతుంది. తోక రోటరు పోతే గిరగిరా తిరుగుతుంది. ఆ ఎత్తులో, ఆ తక్కువ వేగంలో ఆటోరొటేషన్‌తో, అంటే ఇంజను లేకుండా గాలికి తిరిగే రెక్కలతో, దిగే వీలు లేదు.

తీగను కోసే కట్టర్లు హెలికాప్టర్‌కు ఉంటాయిగా అంటారు. ముక్కు పైన ఒకటి, కింద ఒకటి, నిజమే. అవి 9.5 మి.మీ. ఉక్కు తీగను కోసేలా తయారైనవి, మన ఎర్త్ వైరేమో అంతకన్నా లావు. పైగా కోతకు ఊపు కావాలి, దాదాపు 30 నాట్లకు పైగా. డిస్కులు దగ్గరగా చూసే తనిఖీలో చాలాసార్లు అంత వేగమే ఉండదు. తోకకు, రోటరుకు అవి కాపలా కావు.

పనికొచ్చేది పద్ధతే. ముందు 500 అడుగుల ఎత్తులో ఒక చుట్టు వేసి అడ్డ లైన్లన్నీ రాసుకోవాలి, తర్వాతే దిగాలి. గాలి లైను మీంచి మనవైపు వీచేలా చూసుకుంటే, కొట్టుకుపోయినా తీగలకు దూరంగానే పోతాం. ఎదురెండలో ఎగరకూడదు. పైలట్ డిస్కులు చూడకూడదు, అబ్జర్వరు క్రాసింగ్ రాకముందే గట్టిగా చెప్పాలి. తప్పుకోవాల్సొస్తే పైకి, లైనుకు దూరంగా తిరగాలి. తీగ కోసం వెతక్కుండా టవరు కోసం వెతకాలి: క్రాస్ ఆర్మ్ (తీగలు వేలాడే టవరు చెయ్యి) ఎటుంటే తీగలు దానికి అడ్డంగా పోతాయి.

తీగ కనబడేందుకు కట్టే నారింజ రంగు బంతులు కూడా, 60 సెం.మీ.వి, 30 మీటర్లకొకటి, లైనును లైను దాటే ప్రతిచోటా కట్టాలని నా వాదన. ఎండకు వెలిసిపోయిన బంతి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

దాటాల్సొస్తే స్పాను మధ్యలోంచి కాదు, టవరు నెత్తి మీదుగా. కొస దాటితే దాని తీగలన్నీ కిందే ఉంటాయి. మీరు చూసిన హెలికాప్టర్ ఉన్నట్టుండి లేచి, పక్కకెళ్ళి, ఒక టవరు మీదుగా దాటి మళ్ళీ దిగి ఉంటే, అక్కడో లైను అడ్డమొచ్చిందన్నమాట.