తిరుపతిలో డైనోసార్ పిచ్చి ఉన్న పిల్లాడితో ఏమేం చేయించవచ్చు?

మీ బాబుకు ఏడేళ్ళు, డైనోసార్లంటే ప్రాణం, బొమ్మలు బాగా గీస్తాడు, కానీ ఫోన్‌లో వీడియోలు చూడటం తప్ప తిరుపతిలో ఇంకేం చేయించాలో తెలియట్లేదు అని రాశారు. నేనూ తిరుపతిలోనే ఉంటాను. మా వీధి పిల్లలతో ఆదివారాలు ఇదే పని మీద కూర్చుంటాను. మాకు బాగా పనికొచ్చినవి చెప్తాను.

పేర్లు బట్టీ పట్టించే పని పెట్టుకోకండి, ఆ వయసులో అవి వాటంతట అవే వచ్చేస్తాయి. వాడు బొమ్మ గీసిన ప్రతిసారీ ఒకటే అడగండి: "ఇందులో ఎముక దొరికింది కాబట్టి గీసింది ఏది, ఊహించి గీసింది ఏది?" ఇది అలవాటైతే బొమ్మలు, సైన్సు రెండూ ఒకటే పని అయిపోతాయి.

ఈ ప్రశ్నకి బరపాసారస్‌ని మించిన డైనోసార్ లేదు. గోదావరి లోయలో దొరికింది. 1961 ప్రాంతంలో, రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి రోజుల్లో, దీని ఎముకలు తవ్వి తీశారు. అందుకే 1975లో పేరు పెట్టినప్పుడు 'బరపాసారస్ టాగోరై' అన్నారు. సుమారు 14 మీటర్ల పొడవు, ఆకులు అలములు తినే జంతువు. మెడ, వెన్ను, కాళ్ళు, తోక, ఇలా చాలా ఎముకలు దొరికాయి. తల మాత్రం దొరకలేదు, కొన్ని పళ్ళు దొరికాయంతే. అంటే ఇంతవరకు ఎవరు గీసిన బరపాసారస్ బొమ్మలోనైనా తల ఊహించి పెట్టిందే. మీ బాబుకి తల లేని బొమ్మ ఇచ్చి, చెంచా ఆకారంలో ఉన్న పళ్ళు దొరికాయని చెప్పి, తల వాడినే గీయమనండి. ఎందుకలా గీశావో చెప్పమనండి. మా దగ్గర ఒక్కో పిల్లాడు ఒక్కో తల గీస్తాడు, దాని మీద వాదించుకోవడం ఇంకా బాగుంటుంది.

ఇక మేం చేసిన వాటిలో నాకు అన్నిటికంటే నచ్చినది, ఈ బరపాసారస్‌ని దాని అసలు సైజులో ముగ్గు వేయడం. ధనుర్మాసంలో మా వీధి చివర ఖాళీ స్థలంలో వేశాం. ముందు గళ్ళ నోటుపుస్తకంలో పద్నాలుగు గళ్ళ పొడవున బొమ్మ గీయాలి. ఒక్కో గడి నేల మీద ఒక మీటరు. తాడుకి మీటరుకొక ముడి వేసి, నిలువుగా, అడ్డంగా లాగి, ప్రతి మీటరు దగ్గరా ముగ్గుపిండితో చుక్క పెట్టాలి. ఆ తర్వాత పుస్తకంలో గీత ఏ గడిలో ఎక్కడ నుంచి ఎక్కడికి పోయిందో చూసుకుంటూ నేల మీద కలుపుకుంటూ పోవడమే. చుక్కల ముగ్గు వచ్చిన అమ్మలకి, అవ్వలకి ఇది చెప్పాల్సిన పనే లేదు. లెక్క ఎక్కడ తప్పిందో మాకంటే ముందు వాళ్ళే పట్టేస్తారు. నేల మీద ముందు నీళ్ళు చల్లి తడపండి, లేకపోతే గాలికి పిండి లేచిపోతుంది.

రంగుల విషయంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎముక దొరికిన భాగం తెల్ల ముగ్గు, ఊహించింది ఎర్రమట్టి. తలకి ఎర్రమట్టి పోస్తుంటే ఒక చిన్నపాప అడిగింది, "మరి దీని చర్మం దొరికిందా?" దొరకలేదు. అయితే ఒంటి చుట్టూ వేసే గీత కూడా ఎర్రగానే ఉండాలి కదా అంది. నిజమే. అప్పుడు లోపల వెన్నుపూసలు, పక్కటెముకలు, కాళ్ళ ఎముకలు తెల్లగా వేసి, చుట్టూ ఆకారమంతా ఎర్రమట్టితో కలిపాం. దారిన పోయే ఒక అవ్వ వచ్చి, "తల యాడ పెట్టేది పాపా?" అని అడిగితే, పిల్లలందరూ ఆమె చుట్టూ చేరి తల కథంతా చెప్పారు. నేను కల్పించుకోవాల్సిన అవసరమే రాలేదు.

రంగు గురించి మీ బాబు తప్పకుండా అడుగుతాడు. చాలా డైనోసార్ల రంగు ఎవరికీ తెలియదు. కానీ చైనాలో దొరికిన సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ శిలాజంలో సన్నని ఈకల్లాంటివి మిగిలాయి. వాటిలో రంగునిచ్చే అతి సూక్ష్మమైన రేణువుల ఆకారాన్ని బట్టి, దాని తోక మీద ఎర్రటి గోధుమరంగు చారలు ఉండేవని 2010లో తేల్చారు. దాని చారలు వేసేటప్పుడు ఊహ అక్కర్లేదు. మిగతావాటికి వాడి ఇష్టం. శ్రీకాళహస్తి కలంకారీ గీతలు చూపించి ఆ పద్ధతిలో గీయమనండి. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నీళ్ళలో ఊరబెట్టి నల్ల రంగు ఎలా చేస్తారో కూడా చెప్పండి. ఒంటినిండా పూలూ లతలూ ఉన్న డైనోసార్ చూడముచ్చటగా ఉంటుంది, అది ఊహ అని వాడికి తెలిస్తే చాలు.

ఇంటి దగ్గర చూపించడానికి కోడి ఉంది. పక్షులు డైనోసార్ల వంశంలోవే. నాటుకోడి కాలు దగ్గరగా చూపించండి: ముందుకి మూడు వేళ్ళు, వాటి మీద పొలుసులు. మాంసం తినే డైనోసార్లు చాలావరకు అలాగే మూడు వేళ్ళ మీద నడిచేవి. మెత్తటి బంకమట్టిని పలచగా పరిచి కోడిని నడిపించి, ఆ అడుగులు ఆరాక వాటి మధ్య దూరం కొలిపించండి. నడిచినప్పుడు, పరిగెత్తినప్పుడు ఆ దూరం మారుతుంది. శాస్త్రవేత్తలు డైనోసార్ల వేగాన్ని అంచనా వేసేదీ అలాంటి అడుగుజాడలు చూసే. కోడికూర తినే ఇళ్ళలో మెడ కింద వి ఆకారంలో ఉండే ఎముకని కడిగి దాచండి, టైరనోసారస్‌కీ అలాంటిది ఉండేది. తినని ఇళ్ళవాళ్ళకి ఎస్వీ జూ పార్క్ ఉంది. అక్కడ పక్షుల దగ్గర స్కెచ్ పుస్తకంతో కాసేపు కూర్చోబెట్టండి.

"మన ఊర్లో తవ్వితే డైనోసార్ దొరుకుతుందా?" అని కూడా అడుగుతాడు. దొరకదు, ఎందుకు దొరకదో చెప్తే వాడికి ఇంకా ఆనందం. తిరుమల ఘాట్ రోడ్డులో కింద ఉన్న గ్రానైటు లాంటి రాయి వయసు 250 కోట్ల ఏళ్ళకు పైనే. దాని మీద పొరలు పొరలుగా ఉన్న క్వార్ట్‌జైటు అనే గట్టి రాయి సుమారు 160 కోట్ల ఏళ్ళది. రెండూ కలిసే చోటుని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. ఆ రెండు రాళ్ళ మధ్య 80 కోట్ల ఏళ్ళకు పైగా చరిత్ర లేకుండా పోయింది. డైనోసార్లు పుట్టిందే సుమారు 23 కోట్ల ఏళ్ళ కిందట, 6.6 కోట్ల ఏళ్ళ కిందట పక్షులు తప్ప మిగతావి పోయాయి. వాటి కాలమంతా కలిపినా ఆ ఖాళీలో అయిదో వంతు. కొండ ఎక్కినప్పుడల్లా ఆ రెండు రాళ్ళూ కలిసే గీత వెతకడం మా పిల్లలకి అలవాటైపోయింది.

షాపులో దొరికే ప్లాస్టిక్ బొమ్మల డబ్బా ఉంటే వాటిని వేరు చేయించండి. వీపు మీద తెరచాప ఉన్న డైమెట్రోడాన్ డైనోసార్ కాదు, డైనోసార్లు పుట్టకముందే అది పోయింది, బంధుత్వం చూస్తే మనకే దగ్గర. ఎగిరే టెరోసార్లూ డైనోసార్లు కావు.

వీలైతే ఒకసారి హైదరాబాద్ తీసుకెళ్ళండి. రాత్రి రైలెక్కితే పొద్దునకి అక్కడుంటారు. నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం నిలబెట్టారు. మన తెలుగు నేల మీద, యామన్‌పల్లి దగ్గర దొరికినది. జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దాని గురించి ప్రపంచానికి తెలియజేశారు. దీనికీ తల ఎముక దొరకలేదు, కాబట్టి చూసేటప్పుడు తల దగ్గర కాస్త ఆగమనండి. ఒక్క జంతువుది కాకుండా, చాలా జంతువుల ఎముకలు కలిపి కూర్చారు.

ముగ్గు వేయాలనుకుంటే డిసెంబరు మొదట్లోనే స్థలం అడిగి పెట్టుకోండి, సంక్రాంతి దగ్గర పడితే ముగ్గుల పోటీలకి ఇచ్చేస్తారు. గళ్ళ పుస్తకంలో బొమ్మ ఇప్పుడే మొదలుపెట్టించవచ్చు. ఏడేళ్ళవాడు మొత్తం గీయలేడు గానీ, తోక అంతా వాడికి అప్పగిస్తే బాగా చేస్తాడు, అందులో వెన్నుపూసలు పెద్దవి నుంచి చిన్నవిగా వరసగా తగ్గుతూ పోతాయి.